రెండు ఊళ్ళ మంచు లెక్క

మా అక్క ఎర్సీలియా ఇరవై ఆరేళ్ళుగా మా ఊరి మంచు కొలుస్తోంది. ఉద్యోగం ఉత్తరాలు పంచడం. మంచు కొలిచినందుకు జీతమేమీ లేదు, ఏటా జనవరిలో జిల్లా రోడ్ల ఆఫీసు వాళ్ళు ఒక క్యాలెండరు పంపుతారు, అంతే. బడి వెనక తెల్ల రంగు వేసిన చెక్క పలక ఒకటి ఉంది. పొద్దున ఎనిమిదింటికి దాని మీద పడిన మంచులోకి కొలబద్ద దించి, ఎన్ని సెంటీమీటర్లో చూసి, పలక దులిపి మళ్ళీ మంచు మీదే పెట్టి వస్తుంది. అలా నవంబరు నుంచి మార్చి ఆఖరు దాకా కూడుకుంటూ పోతే వచ్చేదే ఆ ఏటి లెక్క.

మా ఊరు రొక్కఫోస్కా. లోయకి అవతల, ఎదురు కొండ మీద పియెత్రవెంతో. గాలి లేని రోజున వాళ్ళ చర్చి గంట మాకు వినిపిస్తుంది. ఆ ఊరి మంచు కొలిచేది పాన్ఫిలో బాబాయ్. ఒకప్పుడు రాతిపని మేస్త్రీ, ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. రోజూ సాయంత్రం ఆరింటికి అక్క నా కాఫీ కొట్టుకి వచ్చి, గల్లా పక్కనున్న ఫోను అందుకునేది. పేకాడేవాళ్ళంతా ముక్కలు దించి చెవులు రిక్కించేవారు.

“ఎంత?” అనేవాడు ఆయన, పలకరింపు కూడా లేకుండా.

“ఇరవై మూడు. నీకు?”

“ముప్పై. మీది చలికాలమేమిటే అమ్మాయ్, నీడ పట్టిన వేసవి!”

ఆ మాటకి ఇక్కడ బెరార్దో తాత బల్ల గుద్ది, “వాళ్ళ ఊళ్ళో పొయ్యిలో బూడిద కూడా మంచులోనే కలిపి కొలుస్తారు, అడుగు!” అని అరిచేవాడు. మంచు తక్కువ పడి ఎవరు ఓడితే వాళ్ళు వసంతంలో గెలిచిన ఊరి వాళ్ళకి గొర్రెపిల్ల మాంసంతో భోజనం పెట్టాలి. మా నాన్న కాలం నుంచీ ఉన్న పందెం అది. ఎవరు గెలిచినా అందరూ తాగి పాడుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం అది పందెంగా మిగల్లేదు. రోడ్ల ఆఫీసుకి ఉన్న, దారి మీది మంచు తోడి పక్కకి చిమ్మే రెండు బండ్లలో ఒకటి పాడైంది. కొత్తది కొనరట. డిసెంబరులో రెండు ఊళ్ళకీ కాగితం వచ్చింది: ఈ చలికాలం ఏ ఊళ్ళో మంచు ఎక్కువ కురిస్తే, మిగిలిన బండిని ఇకనుంచి ఆ ఊళ్ళోనే ఉంచుతాం. రెండో ఊరికి మొదటి ఊరి పని అయ్యాకే.

మూడేళ్ళ క్రితం నాలుగు రోజులు దారి మూసుకుపోయినప్పుడు మా రొట్టెల దొనాతో గుండె పట్టుకుని తన పిండి బస్తాల మధ్యే పోయాడు. గాలికి హెలికాప్టరు దిగలేకపోయింది. అందుకే ఆ కాగితం వచ్చిన రోజు నా కొట్టులో ఎవరూ పేక పంచలేదు.

జనవరి గడిచింది. ఈశాన్య గాలి సముద్రం మీది తేమనంతా మోసుకొచ్చి మా కొండల మీద కుమ్మరించింది. ఫిబ్రవరి ఆఖరుకి మాది మూడు వందల ఎనభై ఆరు, వాళ్ళది నాలుగు వందల ఐదు. పంతొమ్మిది సెంటీమీటర్లు. మా మేయరు ఒరేస్తె రోజుకి రెండుసార్లు పోస్టాఫీసుకి వెళ్ళి, “ఇవాళ ఏమైనా పెరిగిందా ఎర్సీలియక్కా?” అని అడుగుతూండేవాడు, అక్కేదో దాన్ని పొయ్యి మీద పెట్టి పొంగిస్తున్నట్టు.

ఒక శనివారం సాయంత్రం ఫోను పెట్టేశాక అక్క వెళ్ళిపోలేదు. తన నోటుపుస్తకం తీసి గల్లా మీద పరిచింది. ఎడమ వరసలో మా అంకెలు, కుడి వరసలో వాళ్ళవి. కుడి వరస మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయింది.

“నికాంద్రో, చూడు. ఇరవై. ముప్పై ఐదు. పది. పదిహేను. ఇరవై ఐదు. జనవరి ఒకటి నుంచీ ఇరవై తొమ్మిది రోజులు కురిసింది. ఒక్కసారైనా ఏడు లేదు, మూడు లేదు. అన్నీ సున్నాలూ ఐదులే.”

“అయితే?”

“మంచు ఐదేసి చొప్పున పడుతుందట్రా? ఆయన కొలవడం లేదు. కిటికీలోంచి చూసి నోటికొచ్చింది చెప్తున్నాడు.”

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. పక్క బల్ల దగ్గరున్న ఒరేస్తె కుర్చీ తోసుకుని లేచాడు. “అక్కా, ఇది రాసి ఆఫీసుకి పంపు. రేపే పంపు. దొంగలెక్కని రాయి.”

“చూడకుండా ఎలా రాస్తాను?”

“అంకెలు చూశావుగా!”

“అంకెలు చూశాను. మనిషిని చూడలేదు.”

“ఏమిటే అక్కా నీ చాదస్తం,” అన్నాను నేను. “బండి వాళ్ళ ఊరికి వెళ్తే ఇక్కడ దొనాతో లాగా ఇంకెవరు పోతారో ఆలోచించావా?”

అక్క కోటు వేసుకుంది, విప్పింది, మళ్ళీ వేసుకుంది. మేముండేది పక్క పక్క ఇళ్ళలోనే, మధ్య గోడ పల్చన. ఆమె అటూ ఇటూ తిరగడం, గిన్నెలు తీసి ఒకచోటి నుంచి ఇంకోచోట పెట్టడం చాలాసేపు వినిపించింది. ఇరవై ఆరేళ్ళు రోజూ మాట్లాడిన మనిషి అబద్ధమాడుతున్నాడంటే ఎవరికి మాత్రం కుదురుంటుంది?

మర్నాడు ఆదివారం. అందరూ చర్చికి పోతుంటే అక్క ఎనిమిది గంటల కొలత తీసుకుని, మంచులో కూరుకుపోకుండా కాళ్ళకి కట్టుకునే వల చెప్పులు తగిలించుకుని, పాత కంచరగాడిదల దారిన లోయలోకి దిగింది. బస్సు తిరగడం లేదు. ఆ దారి వేసవిలో గంటన్నర. ఆమెకి మూడు గంటలకి పైనే పట్టింది. దారంతా ఆయన్ని ఏమనాలో మాటలు కూర్చుకుంటూ, బాగాలేవని చెరిపేసుకుంటూ నడిచానని తర్వాత చెప్పింది. వాగు దగ్గర మోకాలి దాకా నీళ్ళలో దిగబడింది. వెనక్కి పోదామని ఒక్కసారి కూడా అనిపించలేదట, ఆగితే కోపం చల్లారిపోతుందని భయం మాత్రం వేసిందట.

పాన్ఫిలో ఇంటి తలుపు తెరిచే ఉంది. వాకిట్లో గోడకి ఒక కొలకర్ర ఆనించి ఉంది. దాన్ని చూసి అక్క అక్కడే నిలబడిపోయింది. కర్ర మీద గీతలూ అంకెలూ చాలావరకు అరిగిపోయాయి. వాటి పక్కన కత్తితో చెక్కిన గాట్లున్నాయి. ఐదు సెంటీమీటర్లకి ఒకటి, పది దగ్గర రెండు. బొటనవేలు పట్టేంత లోతుగా, నున్నగా ఉన్న గాట్లు.

“ఎవరది?” అన్నాడు లోపలి నుంచి పాన్ఫిలో.

అక్క గుమ్మంలోకి వచ్చి వెలుతురుకి ఎదురుగా నిలబడింది. ఆయన ఆమె భుజం పక్కకి చూస్తూ మళ్ళీ అడిగాడు, “ఎవరండీ?”

“నేను బాబాయ్. ఎర్సీలియాని.”

“నడిచొచ్చావా? మతి ఉందా నీకు? కూర్చో, పొయ్యి దగ్గర కూర్చో.”

“కూర్చోను. ఎప్పటి నుంచి కనబడడం లేదు?”

“పూర్తిగా అంటే క్రిస్మస్ నుంచి. మధ్యలో అంతా పోయింది, అంచులే మిగిలాయి. నాకు ఏం చూసినా మంచులాగే ఉందే అమ్మాయ్. నీ మొహం కూడా.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్తే కర్ర లాక్కుంటారు. ఇంకేం పని మిగులుతుంది నాకు?”

అక్క తడిసిన మేజోళ్ళు విప్పకుండానే ఆ వంటింట్లో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతోంది. దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. చివరికి, “లే బాబాయ్. కర్ర తీసుకో. నా ఎదురుగా కొలువు,” అంది.

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఆమె కొత్త మంచు పడిన చోట్లు పది చూపించింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కర్ర దించి, మంచు అంచు దగ్గర నుంచి వేలితో పైకి తడుముకుంటూ పోయి తగిలిన గాటు లెక్క చెప్పాడు. వెనకాలే ఆమె తన కొలబద్ద దించి రాసుకుంది. పదీ కూడితే ఆయనది రెండు వందల పదిహేను, ఆమెది నూట తొంభై రెండు.

“బాబాయ్, నీ వేలు ఎప్పుడూ పైగాటు దగ్గరే ఆగుతోంది. ఒక్కసారి కూడా కింది దాని దగ్గర ఆగలేదు.”

“ఎంత తేడా?”

“రోజుకి రెండు, రెండున్నర. ఇరవై తొమ్మిది రోజులకి అరవై ఏడు. ఆ అరవై ఏడూ తీసేస్తే మీరు మాకంటే వెనకున్నారు.”

ఆయన మంచులోంచి లేవలేదు. అప్పుడే ఆయన భార్య లొరేతా ఊలు శాలువా కప్పుకుని, చేతికి కట్టుతో బయటికి వచ్చింది. “తడి గుడ్డలతో ఆ పిల్లని బయట నిలబెట్టావేమిటయ్యా? లోపలికి రామ్మా, పప్పుపులుసు వేడిగా ఉంది.” మాట అంటూనే ఆయాసపడి తలుపు పట్టుకుంది.

ఆ చేతి కట్టు ఎందుకో అక్కకి తెలుసు. లొరేతాకి మూత్రపిండాలు పనిచేయవు. వారానికి మూడుసార్లు కింద పట్నంలో ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. దారి మూసుకుంటే ఆ రోజు తప్పినట్టే.

లొరేతా లోపలికి వెళ్ళాక పాన్ఫిలో గొంతు తగ్గించి అన్నాడు. “కళ్ళు కనబడకపోవడం వల్లేనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ నేను రాళ్ళు చెక్కిన వాణ్ణి. నా బొటనవేలికి అంతమాత్రం తేడా తెలియకపోదు. మనసు ఎటు లాగితే వేలు అటు పోతుందే అమ్మాయ్. రాసెయ్. ఉన్నదున్నట్టు రాసెయ్.”

ఆయన తడుముకుంటూ లేచి, చేతుల మంచు దులుపుకుని, కాస్త కోపంగానే అన్నాడు. “నాది రాసేటప్పుడు నీది కూడా రాయి.”

“నాదేముంది?”

“మీ బడి పక్కన ఆటల హాలు కట్టారే, పద్నాలుగేళ్ళ కిందట? అప్పటి నుంచీ మీ ఊళ్ళో మంచు పెరిగింది. గోడలు కట్టిన వాణ్ణి, నాకు తెలియదా? ఈశాన్య గాలి ఆ గోడ దాటగానే మోస్తున్నదంతా దాని వెనక పడేస్తుంది. నీ పలక సరిగ్గా ఆ మరుగులోనే ఉంది. కురిసింది కొంత, గాలి తెచ్చి పోసింది కొంత.”

“మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?”

“ఎందుకు అడుగుతాను? ఓడినా గెలిచినా గొర్రెపిల్లే కదా.”

ఆమె పప్పుపులుసు నిలబడే తాగింది. లొరేతా బలవంతంగా మేజోళ్ళు మార్పించింది. చీకటి పడకముందే తిరిగొచ్చేసింది. నా కొట్టు ముందు నుంచే వెళ్ళింది కానీ లోపలికి రాలేదు. పరుగెత్తుకెళ్ళి అడిగాను. “ఏమైందే? దొంగలెక్కేనా?”

“దొంగలెక్కే. మనది కూడా.”

ఆ వారమే అక్క ఇంకో పలక చేయించి, చర్చి వెనక గోడలేమీ లేని బీడులో పెట్టింది. రోజూ రెండు పలకలూ కొలిచింది. కొలిచాక నేరుగా పనికి పోయేది కాదు, బడి వెనకా బీడులోనూ తచ్చాడుతూ, గాలికి చెయ్యి పెట్టి చూస్తూ, అడుగులతో గోడ నుంచి దూరం లెక్కపెడుతూ ఉండేది. ఉత్తరాలు ఆలస్యంగా వస్తున్నాయని జనం సణిగారు. మార్చి ఆఖరుకి బడి వెనక పలక మీద డెబ్బై నాలుగు పడింది, బీడులో యాభై తొమ్మిది. అంటే ఐదు సెంటీమీటర్లలో ఒకటి గోడ ఇచ్చినదే. నేను కొట్టులో బిల్లు కాగితం వెనక ఆ లెక్కన రెండు ఊళ్ళవీ సరిచేసి చూశాను. మేమే ఓడిపోయాం. ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాను.

“అక్కా, ఆయన సంగతి మాత్రం రాయి. మన గోడ సంగతి ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదు,” అంది. ఏప్రిల్ రెండున ఉత్తరం పంపింది. అందులో ఏం రాసిందో నాకు చదివి వినిపించింది కూడా. పియెత్రవెంతో లెక్క గాట్ల కర్రతో కొలిచినది, రోజుకి రెండు సెంటీమీటర్లకి పైగా ఎక్కువ. రొక్కఫోస్కా లెక్క గోడ మరుగున కొలిచినది, ఐదో వంతు ఎక్కువ. ఈ రెండింటినీ పక్క పక్కన పెట్టి ఏ ఊరికీ ఏమీ ఇవ్వకండి. ఇలా కొలిచింది మేమే. కింద రెండు సంతకాలు. పాన్ఫిలో సంతకం కాగితం అంచు దాటి పోయింది.

ఇక ఊళ్ళో మొదలైంది చూడండి. ఒరేస్తె నా కొట్టులోనే అరిచాడు. “పద్నాలుగేళ్ళ మంచులో ఐదో వంతు ఎత్తుకుపోయి పారబోశావు కదా అక్కా! దొంగలు కోళ్ళని ఎత్తుకుపోతారు, నువ్వు మంచునే ఎత్తుకుపోయావు!”

“పడని దాన్ని ఎలా ఎత్తుకుపోతాను?” అంది అక్క.

దొనాతో భార్య రెండు నెలలు ఆమె చేతి నుంచి ఉత్తరాలు తీసుకోలేదు. గుమ్మం మీద పెట్టి పొమ్మని వేలితో చూపించేది. అక్కకి అన్నిటికంటే తగిలింది అదే. సాయంత్రాలు కొట్టుకి రావడం మానేసింది. నేను కూడా కొన్నాళ్ళు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాను. ఇప్పుడు సిగ్గేస్తుంది, అప్పుడు వెయ్యలేదు.

మే నెలలో రోడ్ల ఆఫీసు నుంచి జినెవ్రా అనే ఇంజనీరమ్మ వచ్చింది. రెండు ఊళ్ళూ తిరిగింది, కర్ర చూసింది, గోడ చూసింది. బీడులో నిలబడి అక్కతో, “మీరు రాయకపోతే మార్చి లెక్క ప్రకారమే సంతకం పెట్టేసేదాన్నండీ. ఇప్పుడు నా తల తింటున్నారు,” అంది. బండిని ఏ ఊరికీ ఇవ్వలేదు. కింద లోయలో, రెండు దారులూ చీలే వంతెన దగ్గర షెడ్డు వేయించింది. పొద్దున ఆరింటికి రెండు ఊళ్ళూ కొలిచి డ్రైవరుకి ఫోను చెయ్యాలి. ఎక్కడ ఎక్కువ పడితే ఆ రోజు ముందు అటు ఎక్కుతుంది. పియెత్రవెంతోలో ఇకనుంచి కర్ర దించేది పాన్ఫిలో, కొత్త కొలబద్ద మీద అంకె చదివేది లొరేతా.

పందెం గురించి ఎవరూ ఎత్తలేదు. ఆ వసంతంలో గొర్రెపిల్ల ఎవరింట్లో వాళ్ళే వండుకున్నారు.

డిసెంబరు తొమ్మిదిన ఆ ఏటి మొదటి పెద్ద మంచు పడింది. ఆ రాత్రే ఒరేస్తె వాళ్ళమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. అంబులెన్సు వంతెన దాకా వచ్చి, బండి కోసం ఆగి ఉంది. మర్నాడు పొద్దున ఆరు కాకముందే బీడు చుట్టూ పదిమంది పోగయ్యారు. అక్క మోకాళ్ళ మీద కూర్చుని కొలబద్ద దించింది. ఆమె ఒకసారి చూసి, తుడిచి, ఇంకోచోట దించి మళ్ళీ చూసింది.

“ముప్పై ఒకటి.”

“ఎర్సీలియక్కా,” అన్నాడు ఒరేస్తె. గొంతులో అరుపు లేదు. “ముప్పై ఐదు అను. మా అమ్మ.”

అక్క అతని వంక చూసి తల దించుకుంది. ఫోను తీసి డ్రైవరుకి ముప్పై ఒకటని చెప్పింది. “అటు ఎంత?” అని అడిగి విని, మాకు చెప్పింది. “ముప్పై నాలుగు.”

తెల్లవారుతున్న వెలుగులో, లోయకి అవతల బండి మీది నారింజ రంగు దీపం తిరుగుతూ ఎదురు కొండ ఎక్కడం చూస్తూ నిలబడ్డాం. ఎవరో బూతు మాట అన్నారు. అక్క బడి గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని ఊరి బయటి మలుపు దగ్గరికి నడిచి, అక్కడి మంచు ఎత్తి పక్కకి పోయడం మొదలుపెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఐదు కిలోమీటర్ల దారి. పదినిమిషాలకి నేను నా పార తెచ్చుకున్నాను.

“ఇక్కడ నడుము లోతుంది కదే,” అన్నాను ఎగశ్వాసతో.

“గాలి పోసిందిరా. దీన్ని లెక్కలో రాయకూడదు. ఎత్తడం మాత్రం తప్పదు.”

కాసేపటికి ఒరేస్తె వచ్చాడు. ఆ వెనక ఇంకో ఆరుగురు. దొనాతో భార్య కూడా వచ్చి, అక్కకి కాస్త దూరంగా, ఆమె వైపు చూడకుండా పార వేసింది. ఎంత తోడినా రెండో మలుపు కూడా దాటలేకపోయాం. అక్క మధ్యమధ్యలో ఆగి చెవి పెట్టి వినేది, మళ్ళీ వంగేది. ఎనిమిది దాటాక కింద నుంచి బండి రొద వినిపించింది. తెల్లటి ధార గాలిలోకి చిమ్ముకుంటూ పైకి వచ్చింది, వెనకే అంబులెన్సు. దారి ఇవ్వడానికి అందరం మంచు గోడకి అతుక్కుని నిలబడ్డాం. డ్రైవరు అద్దం దించి ఏదో అరిచాడు. రొదలో ఎవరికీ వినబడలేదు.

ఒరేస్తె వాళ్ళమ్మని ఎక్కించుకుని అంబులెన్సు కిందికి దిగేటప్పటికి తొమ్మిదవుతోంది. అక్క పారని నా చేతిలో పెట్టి, చేతి తొడుగులు పళ్ళతో లాగి విప్పుకుంది. ఉత్తరాలు ఇంకా సంచిలోనే ఉన్నాయంటూ గబగబా ఊళ్ళోకి నడిచింది.